ముసలి కుక్కకి గ్రేవీ ప్యాకెటా, చికెన్ నీళ్లా?

మా టైగర్‌కి 14 ఏళ్లు, ఉప్పల్‌లో ఉంటాం, ఈ మధ్య గిన్నె వాసన చూసి అటు తిరిగి పడుకుంటున్నాడు, అది చూస్తే నాకు ముద్ద దిగట్లేదు. గ్రేవీ ప్యాకెట్ అయితే పని తక్కువ, పోషకాలు లెక్కగా ఉంటాయి, కానీ ఫ్రిజ్‌లోంచి చల్లగా పెడితే మూతి కూడా పెట్టడు. చికెన్ ఉడికించిన నీళ్లు గోరువెచ్చగా అన్నం మీద పోస్తే మాత్రం చెవులు లేస్తాయి, నా వేలికంటిన చుక్క నాకి మెల్లగా మొదలెడతాడు, వయసుకి వాసన పట్టడం తగ్గుతుంది కదా, వెచ్చగా ఉంటే వాసన బాగా వస్తుంది. మన కూర పులుసు మాత్రం వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, విడిగా ఉడికించాలి. రోజూ చికెన్ అన్నమే అయితే కాల్షియం చాలదు, అందుకే నేను ప్యాకెట్‌లోనే 2 చెంచాల వేడి నీళ్లు, అవే చికెన్‌వి, కలుపుతున్నా. రోజంతా ముట్టకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికే, పళ్ల నొప్పో కిడ్నీ సమస్యో ఉండొచ్చు.