31 డిగ్రీల టీషర్టు: రెండున్నరేళ్ల తర్వాత

చెయ్యి వేస్తే రంగు మారే టీషర్టు ఆన్‌లైన్‌లో కొని రెండున్నరేళ్లయింది. మామూలప్పుడు చిలకాకుపచ్చ, వేడి తగిలితే పసుపు. మొదటి నెలంతా ఇంటికొచ్చినవాళ్లు నా వీపు మీద అరచేయి ఆనించి చూసేవాళ్లు. అయిదు వేళ్లూ పసుపుగా అచ్చుపడేవి. చెయ్యి తీశాక అంచుల నుంచి ఆకుపచ్చ మెల్లగా కమ్ముకునేది.

అసలు గుడ్డ పసుపే, పైన నీలం సిరా. ఆ సిరా నిండా కంటికి ఆనని గుళికలు. ఒక్కో గుళికలో రంగు, దాన్ని పైకి తేల్చే బలహీనమైన ఆమ్లం, మైనంలాంటి పదార్థం ఉంటాయి. మైనం గట్టిగా ఉన్నంతసేపు నీలం కనిపిస్తుంది. కరిగితే రంగు, ఆమ్లం విడిపోయి నీలం మాయమవుతుంది. నా టీషర్టు కరిగేది 31 డిగ్రీల దగ్గర. మళ్లీ నీలం రావాలంటే అంతకన్నా కొన్ని డిగ్రీలు తగ్గాలి.

మాది విజయవాడ. వేసవిలో గుమ్మం దాటితే ఇది ఉత్త పసుపు టీషర్టు.

"రంగు మారుతుందన్నావు?"

"మారే ఉందిరా."

పోనీ ఎక్కువ డిగ్రీలది కొందామంటే, ఒంటి పైచర్మం వేడి సుమారు 33, 34. అది దాటితే చెయ్యి వేసినా మారదు. మన ఊళ్లకు సరిపడే అంకె లేదన్నమాట. సరదా అంతా డిసెంబరు, జనవరిలోనే, లేదా ఏసీలో. ఏసీలో ఇంకో తంటా. ఒళ్లంతా ఆకుపచ్చగా ఉంటే చంకల్లో మాత్రం రెండు పసుపు చందమామలు! ఆఫీసుకు వేసుకెళ్లడం మానేశాను.

1991లో అమెరికాలో జెనెరా అనే కంపెనీ 'హైపర్‌కలర్' పేరుతో ఇలాంటివే అమ్మింది. తెగ అమ్ముడుపోయాయి, మరుసటి ఏడాదికే కంపెనీ దివాలా తీసింది. వేడినీళ్లలో ఉతికితే వాటి పని అయిపోయేది.

నాది చన్నీళ్లలో తిరగేసి ఉతికి, నీడలో ఆరేశాను. ఒక్కసారి పొరపాటున ఇస్త్రీకి వెళ్లింది. ఛాతీ మీద పెట్టె మొన ఆకారంలో పసుపు మచ్చ, ఇక పోలేదు. ఎండకు భుజాలు కూడా వెలిశాయి. అక్కడ ఇప్పుడు ఎంత చల్లబడినా నిమ్మపండు రంగే. చేతుల అడుగున, ఎండ తగలనిచోట మాత్రం పాత చిలకాకుపచ్చ అలాగే ఉంది.

పదకొండు వందలకు మళ్లీ కొననుగానీ, పారేయలేదు. ఏప్రిల్ మధ్యాహ్నాలు మా అమ్మాయి దీన్ని నేల మీద పరిచి, ఐసు ముక్కతో తన పేరు రాస్తుంది. పసుపు మీద ఆకుపచ్చ అక్షరాలు. చివరి అక్షరానికి వచ్చేసరికి మొదటిది పోతుంది, మళ్లీ ఫ్రిజ్ తలుపు చప్పుడు.