అనంతపురంలో గ్రానోలా కిట్ కొంటున్నారా? స్టిక్కర్ గీకి చూడండి

అనంతపురంలో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. గ్రానోలా అంటే ఓట్స్, గింజలు కలిపి కరకరలాడేలా వేయించిన అల్పాహారం. దాన్ని ఇంట్లోనే చేసుకోండంటూ ఓట్స్, బాదం, అక్రోట్ ముక్కలు, వేరుశనగ విత్తనాలు, అవిసె గింజలు, ఎండు క్రాన్‌బెర్రీ, చిన్న సీసాలో తేనె అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే తెచ్చిస్తారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘చక్కెర లేదు’ అని ఉంటుంది. మా అమ్మకు షుగర్. బజారులో దొరికే రెడీమేడ్ గ్రానోలాలో తీపి ఎక్కువని, ఇంట్లో చేసి పెడదామని ఈ కిట్ తెప్పించాను. అందులో వాడుకోదగ్గవి ఓట్స్ మాత్రమే.

అక్రోట్ ప్యాకెట్ కత్తిరించగానే పాత నూనె వాసన గుప్పుమంది. ఒక ముక్క కొరికితే చేదు, గొంతులో గరగర. పైన తయారీ తేదీ చూస్తే మొన్నమొన్నటిదే. అనుమానం వచ్చి స్టిక్కర్ అంచును గోటితో గీకాను. కింద ఇంకో స్టిక్కర్ ఉంది, దాని మీద పోయిన ఏడాది తేదీ. తేదీ మీద తేదీ అతికించడం పొరపాటున జరిగే పని కాదు, తెలిసి చేసిందే.

బాదం, అక్రోట్ లాంటివి ముక్కలు చేస్తే లోపలి నూనెకు గాలి తగిలి తొందరగా ముక్కిపోతాయి. అక్రోట్‌లో ఒమేగా 3 అనే కొవ్వు ఎక్కువ కాబట్టి అది ఇంకా ముందే పాడవుతుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో నెలల తరబడి నిల్వ ఉంచిన సరుకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే, “ఓవెన్‌లో పెడితే వాసన పోతుందిలే అక్కా” అంది అమ్మిన అమ్మాయి. పోదు. తేనె, దాల్చినచెక్క వేస్తే నోటికి తెలియకుండా పోవచ్చేమో, చెడిన గింజ మాత్రం బాగుపడదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరుశనగ. చెనక్కాయకు పేరుపడ్డ జిల్లా మనది. అలాంటి చోట ముడుచుకుపోయిన, నల్లబడ్డ విత్తనాలు పెట్టారు. కొన్నిటి మీద పసుపు పచ్చ బూజు కూడా ఉంది. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కూ కారణమవుతుంది. వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి అలాంటివి కనిపిస్తే ఏరి మిగతావి వాడుకుందాం అనుకోకండి, ప్యాకెట్ మొత్తం పారేయండి. అంతకుముందు ఫోటోలు మాత్రం తీసి పెట్టుకోండి.

క్రాన్‌బెర్రీ అన్నవాటిని గోరువెచ్చని నీళ్లలో వేశాను. కాసేపటికే నీళ్లు ముదురు గులాబీ రంగుకు తిరిగి, కాయ తెల్లగా వెలిసిపోయింది. చూస్తే రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయలా ఉంది. అసలు క్రాన్‌బెర్రీ అయినా చాలా పుల్లగా ఉంటుంది కాబట్టి ఎండబెట్టేటప్పుడు మామూలుగా చక్కెర పట్టిస్తారు. ఇక ‘చక్కెర లేదు’ అన్న మాటకు అర్థమేముంది?

తేనె సీసా మీద ‘కొండ తేనె’ అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయిస్తే, మూడే అన్ని పరీక్షల్లో నెగ్గాయి. పెద్ద కంపెనీల సంగతే అలా ఉంటే పేరూ ఊరూ లేని సీసాను ఎలా నమ్మాలి? నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్లతో కాల్చి చూడటం లాంటి ఇంటి పరీక్షలకు బియ్యంతో చేసిన తీపి పాకం కలిపిన కల్తీ దొరకదు. పైగా షుగర్ ఉన్నవాళ్లకు అసలు తేనె అయినా తీపి తీపే. ఏడాది నిండని పిల్లలకైతే ఏ తేనె అయినా పెట్టకూడదు.

డబ్బు వెనక్కి ఇమ్మంటే, “ప్యాకెట్ విప్పేశారు కదక్కా, తీసుకోం” అన్నారు. విప్పకుండా వాసన ఎలా తెలుస్తుందని అడిగితే నా నంబర్ బ్లాక్ చేశారు.

మీరు కొనేముందు ప్యాకెట్ ఫోటో అడగండి, వెనకవైపుది కూడా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ 14 అంకెలు ఉండాలి. ఇంట్లో చేసి అమ్మేవాళ్లకూ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ నంబర్ ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి. అక్కడ బెల్లమో, తేనెనో, ఏదో ఒక సిరప్పో రెండో పేరుగా కనిపిస్తే అది షుగర్ ఉన్నవాళ్లు తినేది కాదు.

నిజానికి ఈ కిట్ అవసరమే లేదు. తర్వాత పాతూరులో తెలిసిన అంగట్లో విత్తనాలు చేత్తో పట్టి చూసి, వాసన చూసి కొద్దికొద్దిగా కొన్నాను. మూడు కప్పుల ఓట్స్‌కు వేరుశనగ, బాదం కలిపి ఒక కప్పు, నువ్వులు, గుమ్మడి గింజలు కలిపి అర కప్పు, పావు కప్పు నూనె, చిటికెడు ఉప్పు. అమ్మ కోసం తీపి వేయలేదు. పిల్లలకు చేసేటప్పుడు బెల్లం పాకం కొంచెం కలుపుతాను. ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర అరగంటలోపే అయిపోతుంది, మధ్యలో ఒకసారి కలపాలి. ఓవెన్ లేకపోతే మందపాటి బాణలిలో సన్న సెగ మీద వదలకుండా వేయించండి. వేడి మీద మెత్తగానే ఉంటుంది, ఆరాక కరకరలాడుతుంది. ఎండుద్రాక్ష వేసేదైతే చివర్లో, పూర్తిగా చల్లారాక. ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇంకా జవాబు రాలేదు. ఇలాంటి డబ్బా మీ ఇంట్లో ఉంటే పడేయకముందే స్టిక్కర్ కింద ఏముందో చూసి ఫోటో తీసి, బిల్లుతో పాటు మీరూ ఫిర్యాదు పెట్టండి. నా ఒక్కదాని ఫోటోలు చూసి ఎవరూ కదలకపోవచ్చు, పది ఇళ్ల నుంచి వస్తే పట్టించుకోక తప్పదు.