జిప్సీ మాత్ బాల్సా కిట్: కొబ్బరిచెట్టెక్కి దిగాక కూడా ఎగురుతోంది

కిందొక జత, పైనొక జత రెక్కలుండే పాతకాలపు బ్రిటిష్ విమానం డి హావిలాండ్ జిప్సీ మాత్‌కి ఇది ఆరో వంతు సైజు, రిమోట్‌తో ఎగరేసే మోడల్. రెక్కల వెడల్పు ఐదడుగులు. పెట్టెలో వచ్చేది విమానం కాదు, లేజర్‌తో కోసిన బాల్సా అనే తేలిక చెక్క ముక్కలు. వాటిని అతికించుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. డ్రాయింగులు బాగున్నాయి. వాటితో ఇచ్చిన పుస్తకం మాత్రం దండగ. కస్టమ్స్ సుంకం సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఐదారేళ్ళుగా కోనసీమలో ఎగరేస్తున్నాను కాబట్టి ఇక్కడి వాళ్ళకి పనికొచ్చే మాటలే రాస్తాను. మొదటి శత్రువు తేమ. తేమ మారినప్పుడల్లా చెక్క ఉబ్బుతూ, ఆరి కుదించుకుంటూ ఉంటే, పైన ఇస్త్రీతో అతికించిన ప్లాస్టిక్ ఫిల్మ్ ముడతలు పడుతుంది. కాలం మారాక దానంతటదే బిగుసుకుంటుంది. మొదట్లో టెన్షన్ పడేవాణ్ణి, ఇప్పుడు పట్టించుకోను. రడ్డర్ లాంటివాటిని కదిలించే చిన్న మోటార్లు, అంటే సర్వోల్లో తుప్పు మాత్రం నిజమైన సమస్య, సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో మరీను.

ఎగరేసే చోటు కూడా చూసుకోవాలి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక చేలు ఖాళీగానే ఉంటాయి కానీ కొయ్యకాళ్ళలో చక్రం తట్టుకుని ముక్కు మీద పడుతుంది, ప్రొపెల్లర్ పోతుంది. వేసవిలో గౌతమి పాయ ఇసుక మేటలు నయం. రొయ్యల చెరువుల వైపు వెళ్ళకండి. పిట్టలు వాలకుండా కట్టిన తీగలు పైనుంచి కనపడవు.

ఇక ఎగరడం. అసలు జిప్సీ మాత్‌కి ఎయిలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వాల్చడానికి రెక్క వెనక అంచున కదిలే పలకలు, కింది రెక్కలకే ఉండేవి. ఈ కిట్‌లోనూ అంతే. రడ్డర్ (తోక మీద, ముక్కుని పక్కకి తిప్పే పలక) వాడకుండా ఎయిలరాన్లతోనే ఎడమకి వాల్చితే ముక్కు కాసేపు కుడికి పోతుంది. కుడి రెక్క ఎయిలరాన్ కిందికి దిగి, ఆ రెక్కని పైకెత్తుతూనే వెనక్కి లాగుతుంది మరి. రడ్డర్ కలిపితేనే మలుపు శుభ్రంగా వస్తుంది. రేడియోలో మిక్సింగ్ పెట్టుకుంటే, అంటే ఎయిలరాన్‌తో పాటు రడ్డర్ దానంతటదే కదిలేలా చేస్తే, ఆ బాధ తప్పుతుంది గానీ, అప్పుడీ విమానం కొనడం దేనికి? ఇంకో సంగతి. రెండు జతల రెక్కలు, మధ్య కర్రలు, తీగలు అన్నీ గాలిని ఆపేవే. దిగేటప్పుడు మోటారు పూర్తిగా కట్టేస్తే తేలదు, ధబ్బున కూర్చుంటుంది. నేలకి జానెడు ఎత్తు వరకు కొంచెం పవర్ ఉంచాలి.

కూలిన రోజు సాయంత్రం పైరగాలి గట్టిగా ఉంది. కొబ్బరితోటకి గాలి మరుగున, చెట్ల తలలు దాటి వచ్చే గాలి సుడి తిరిగి కిందికి తోస్తుంది. నా విమానం సరిగ్గా అందులో పడి, ఒక చెట్టు మొవ్వులో ఇరుక్కుంది. దింపు తీసే ఆయన్ని పిలిస్తే కాళ్ళకి బందం వేసుకుని ఎక్కి, పైనుంచి కేకేశాడు: "బాబుగారూ, రెక్కలు పైనోటి కిందోటి ఉన్నాయండీ! ఏది ముందు దింపమంటారు? ఆయ్!" అన్నీ ఒకేసారి దించమన్నాను. ఎడమ కింది రెక్క మొదట్లో స్పార్, అంటే రెక్క పొడవునా ఉండే ముఖ్యమైన కర్ర, విరిగింది. రెక్కల మధ్య కర్రలు రెండు పోయాయి, మోటారు షాఫ్ట్ వంగింది. లైపో (లిథియం) బ్యాటరీ ఉబ్బింది, దాన్ని పారేశాను. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగ్‌కి పెడితే అంటుకునే ప్రమాదం ఉంది.

ఫోమ్ మోడల్ అయితే నేను ఆ రోజుతో వదిలేసేవాణ్ణి. బాల్సా కాబట్టి విరిగినచోట ఏటవాలుగా కోసి, కొత్త చెక్క అతికి, రెండు పక్కలా సన్నటి వెదురు బద్దలు వేశాను. ఫిల్మ్ రంగు దొరక్క, దర్జీ దగ్గర తెచ్చిన లైనింగ్ గుడ్డ అతికించి లక్క వార్నిష్ పూశాను. దాంతో ఎడమ రెక్క బరువెక్కింది. కుడి రెక్క చివర, వలకి కట్టే సీసపు గుళ్ళు రెండు పెట్టి తూకం సరిచేశాను. ఇప్పుడు చేతులు వదిలినా తిన్నగానే పోతుంది.

గుడ్డ అతుకు చూసి నవ్వేవాళ్ళకి ఒక మాట. ఈ కిట్‌తో ఇచ్చే ఆకుపచ్చ, వెండి రంగులు బ్రిటిష్ మహిళా పైలట్ అమీ జాన్సన్ నడిపిన 'జేసన్' అనే జిప్సీ మాత్‌వి. 1930 మే 5న లండన్ దగ్గరి క్రాయిడన్‌లో ఒంటరిగా బయల్దేరి, మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది ఆవిడ. విమానం సెకండ్ హ్యాండే. దారిలో ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగాల్సి వచ్చింది. తర్వాత, మన కోరంగి రేవు నుంచి జనం ఓడెక్కి వెళ్ళిన ఆ రంగూన్ దగ్గరే, ఇన్సేన్‌లో ఆటస్థలంలో దిగి గుంటలో పడింది. రెక్క చిరిగితే, మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన విమానాల గుడ్డతో కుట్టిన చొక్కాలు చింపి అతికారట. అంత చేసి చేరాక, బ్రిస్బేన్‌లో దిగుతూ విమానం తలకిందులైంది. అయినా దాన్ని ఎవరూ తుక్కుకి వేయలేదు. ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

నా ఫిర్యాదులు రెండు. చక్రాలు పట్టుకునే ఉక్కు తీగ మెత్తన, ప్రతి మొరటు దిగుడుకీ వంగుతుంది. మోటారు షెడ్‌లో ఇంకాస్త లావు తీగ వంచి వేయించుకున్నాక ఆ గోల తప్పింది. రెండోది, మధ్య కర్రలు విడిగా అమ్మరు. మొదట్లోనే అదనంగా ఒక జత కోసి పెట్టుకోండి.

ఎగరేయడం ఇదే మొదలైతే దీని జోలికి పోకండి. నేర్చుకునేవాళ్ళకని చేసే ఫోమ్ ట్రైనర్ మీద రడ్డర్ చేతికి అలవాటయ్యాక కొనండి. వైర్లు, సర్వోలు మార్చడానికి వీలుగా పొట్ట కింద తలుపు మాత్రం కట్టేటప్పుడే పెద్దగా కోసుకోండి.