స్పైస్ కెర్నెళ్లలో నాకు అన్నింటికంటే నచ్చింది ఎవరూ చదవని భాగమే

అంతరిక్ష నౌకల స్థానం, దిశ, కాలం లెక్కగట్టే నాసా సాధనం స్పైస్. దానికి దత్తాంశం అందించే ఫైళ్లే కెర్నెళ్లు, వాటిని చదివే ప్రోగ్రాంల కట్టే టూల్‌కిట్. స్పైస్ గురించి ఎవరు రాసినా దాని లెక్కల కచ్చితత్వాన్నే పొగుడుతారు. నౌక ఏ క్షణాన ఎక్కడుంది, కెమెరా ఎటు చూస్తోంది, కింద నేల మీద ఎండ ఏ కోణంలో పడుతోంది వంటివన్నీ అది లెక్కగట్టి ఇస్తుంది. బాగానే ఇస్తుంది. ఈ విషయంలో నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. ఇన్నేళ్లు వాడాక నాకు దాని మీద పెరిగిన ఇష్టమంతా ఒక్కచోటే ఉంది: ప్రతి కెర్నెల్‌లోనూ దత్తాంశంతో పాటు దాగి ఉండే వ్యాఖ్యల భాగం. దాన్ని తెరిచి చదివేవారు నా చుట్టుపక్కల దాదాపు లేరు. నాకు మాత్రం అదే ప్రాణం.

కారణం నా పని తీరు. నేను నౌకలు నడిపే బృందంలో లేను. ఎప్పుడో ముగిసిపోయిన యాత్రల బొమ్మలను, వర్ణపటాలను భాండాగారం నుంచి తీసుకుని పటాలకు ఎక్కిస్తుంటాను. ఆ ఫైళ్లు తయారుచేసిన వాళ్లలో కొందరు ఉద్యోగ విరమణ చేశారు, కొందరు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ‘ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడుగుదామంటే ఫోను ఎత్తే మనిషి ఉండరు. ఫైలే చెప్పాలి.

ఉదాహరణకు, భూమి తిరుగుడుకు సరిపోయేలా గడియారాల్లో అప్పుడప్పుడు చేర్చే లీపు సెకన్ల ఫైలు చూడండి, నైఫ్0012 డాట్ టీఎల్ఎస్. అందరూ కళ్లు మూసుకుని ఎక్కించేదే. ఒక్కసారి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అసలు దత్తాంశం కొద్ది వరుసలే: అణు గడియారాల కాలానికీ మన గడియారాల కాలానికీ ఉన్న తేడా చెబుతూ 1972 జనవరి 1న 10 సెకన్లతో మొదలై 2017 జనవరి 1న 37 దగ్గర ఆగే పట్టిక, దాని పైన నాలుగైదు స్థిరాంకాలు. మిగతాదంతా మాటలే. ఏ సవరణ ఎప్పుడు, ఎందుకు జరిగింది, ఆ స్థిరాంకాలు ఏ సూత్రంలో ఏ పాత్ర పోషిస్తాయి, ఆ సూత్రం ఎంతవరకు నమ్మదగినది, అన్నీ అక్కడే ఉంటాయి. ‘బిగిన్‌డేటా’ అన్న గుర్తు తర్వాత వచ్చేదాన్ని యంత్రం చదువుతుంది, ‘బిగిన్‌టెక్స్ట్’ తర్వాత వచ్చేది మనుషుల కోసం. 2016 డిసెంబరు 31 తర్వాత లీపు సెకను చేర్చలేదు కాబట్టి ఆ ఫైలే ఇప్పటికీ చెల్లుతోంది.

బైనరీ కెర్నెళ్లకూ ఇదే మర్యాద ఉంది. స్థానాలు చెప్పే ఎస్‌పీకే, దిశలు చెప్పే సీకే ఫైళ్లను ఎడిటర్‌లో తెరిస్తే చెత్తే కనిపిస్తుంది. అయితే వాటిలోనూ వ్యాఖ్యల కోసం ప్రత్యేకంగా చోటు కేటాయించారు. టూల్‌కిట్‌తో వచ్చే ‘కామెంట్’ ప్రోగ్రాంతో ఆ భాగాన్ని బయటికి తీసి చదవవచ్చు. (ఇంగ్లిషులో దాని పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి ఆరే మిగిలాయి. పేరు ఆరు అక్షరాలు దాటకూడదన్న ఫోర్ట్రాన్-77 నియమాన్ని ఈ టూల్‌కిట్ ఇప్పటికీ ఒంటికి పట్టించుకుని ఉంది. స్థానం అడగడానికి వాడే ఎస్‌పీకేఈజెడ్‌ఆర్ అన్న పేరు చూసి భయపడిన కుర్రవాళ్లను చాలామందిని చూశాను.)

పాసడీనాలోని నాసా ప్రయోగశాల జేపీఎల్‌లో స్పైస్‌ను తయారుచేసే నైఫ్ బృందం ఎంత ముందుచూపుతో ఈ పని చేసిందో తెలియాలంటే బైనరీ ఫైలు తొలి రికార్డు చూడాలి. అందులో వరుస ముగింపు గుర్తులను రకరకాల కలయికల్లో పేర్చిన ఒక చిన్న పదబంధం ఉంటుంది. ఎవరైనా ఆ ఫైలును, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో పొరపాటున టెక్స్ట్ పద్ధతిలో పంపితే ముందు చెడేది ఆ పదబంధమే. అది చెడినట్టు కనబడగానే టూల్‌కిట్ ఫైలును తెరవనని మొండికేస్తుంది. తప్పుడు జవాబు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం మేలన్న ఈ స్వభావం చూసే నేను స్పైస్‌ను నమ్మడం మొదలుపెట్టాను. ఆ నమ్మకానికి ఒకచోట గట్టి దెబ్బే తగిలింది.

అప్పట్లో ఒక గ్రహానికి చెందిన చిన్న ఉపగ్రహం బొమ్మలను పటానికి ఎక్కిస్తున్నాం. తప్పు నౌకది కాదు కాబట్టి దాని పేరు అనవసరం. పద్ధతి మామూలే. ప్రతి బొమ్మ తీసిన క్షణానికి ఉపగ్రహం అంచు ఎక్కడ పడాలో స్పైస్‌తో లెక్కగట్టి ఆ గీతను బొమ్మ మీద గీస్తాం. గీత, అసలు అంచు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే కెమెరా దిశ సరిగ్గా ఉన్నట్టే. ఏ ఫైళ్లను ఏ వరుసలో ఎక్కించాలో చెప్పే మెటా-కెర్నెల్ మాకు వేరే బృందం నుంచి వచ్చింది. చూస్తే వరుస పద్ధతిగానే ఉంది. నౌక ఎలా తిరగబోతుందో ముందుగా వేసిన అంచనా ఫైలు మొదట, తిరిగాక టెలిమెట్రీ (నౌక పంపిన కొలతలు) నుంచి కట్టిన అసలు ఫైలు తర్వాత. స్పైస్‌లో చివర ఎక్కించినదానిదే పైచేయి, కాబట్టి అసలు ఫైలే గెలవాలి.

గెలిచింది కూడా. బొమ్మ తర్వాత బొమ్మలో తెల్లటి అంచు మీద ఎర్రగీత అతికినట్టు కూర్చుంది. వరుస మధ్యకు వచ్చేసరికి గీత ఒక్కసారిగా పక్కకు జరిగింది. చెల్లాచెదురుగా కాదు, కొన్ని బొమ్మల్లో అన్నీ ఒకే వైపుకు, దాదాపు ఒకే దూరం. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ సర్దుకుంది. మొదట నౌక గడియారం మీద అనుమానం వచ్చింది. కాలంలో తప్పుంటే వరుస పొడవునా కనబడాలి, మధ్యలో పుట్టి మధ్యలోనే పోదు. కాంతి ప్రయాణ కాలం సవరణ చూశాం, అది సరిగ్గానే ఉంది. కటకం వంకర మీద అనుమానపడితే, పక్కనే ఉన్న మంచి బొమ్మలూ అదే కటకంతో తీసినవే. సీకే ఫైలు ఏ కాలానికి చెల్లుతుందో చూపే సీకేబ్రీఫ్‌ను అడిగితే మొదటి నుంచి చివరి వరకు నిండుగా ఉందని చెప్పింది. హెచ్చరిక ఒక్కటీ లేదు. దత్తాంశం చాలకపోతే తెర నిండా కేకలు పెట్టే టూల్‌కిట్ ఇక్కడ నోరు మెదపలేదు.

చివరికి అసలు ఫైలు వ్యాఖ్యలు తెరిచాను. ఎవరో ఓపికగా రాశారు. నౌక పంపిన దిశల కొలతలు ఎక్కడి నుంచి తీసుకున్నదీ, రెండు కొలతల మధ్య ఎడం ఒక హద్దు దాటితే ఆ మధ్యభాగాన్ని ఊహించి పూరించకుండా ఖాళీగానే వదిలేసినదీ, ఆ ఖాళీలు మామూలు సారాంశంలో కనబడవనీ, వివరంగా చూడాలంటే సీకేబ్రీఫ్‌ను ఏ ఐచ్ఛికంతో నడపాలో కూడా అందులో ఉంది. అలాగే నడిపాను. నిండుగా కనిపించిన ఆ ఒక్క ఖండం ముక్కలు ముక్కలుగా విడిపోయింది. ఒక ముక్క ముగిసి మరో ముక్క మొదలయ్యే మధ్యలో సరిగ్గా మా చెడ్డ బొమ్మలు పడ్డాయి.

జరిగిందేమిటంటే, పై ఫైలులో జవాబు దొరకని చోట స్పైస్ ఊరుకోదు. కింది ఫైలులోకి దిగి వెతుకుతుంది. అక్కడ అంచనా ఫైలు ఉంది, దాన్నే చదివి ఇచ్చింది. దాని నియమం ప్రకారం చూస్తే అది చేసింది తప్పు కాదు. కానీ ఈ జవాబు ఫలానా ఫైలు నుంచి వచ్చిందని ఒక్క ముక్క చెప్పదు. ఇంట్లో రెండు పంచాంగాలుంటే పండుగ ఏ రోజన్న దాని మీద కనీసం వాదన జరుగుతుంది. ఇక్కడ అదీ లేదు.

అంచనా ఫైలును తీసేసి మళ్లీ నడిపితే ఆ బొమ్మల దగ్గర దిశ దొరకలేదంటూ ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ చూసి అంత సంతోషపడిన సందర్భం నాకు మరొకటి గుర్తులేదు. ఆ బొమ్మలకు అంచును బట్టి మేమే దిశ కట్టి, ఎమ్‌ఎస్‌ఓపీసీకే అన్న నైఫ్ పనిముట్టుతో ఒక చిన్న సీకే ఫైలు తయారుచేసుకున్నాం. దాని వ్యాఖ్యల భాగంలో ఏ బొమ్మలు, ఏ పద్ధతి, ఎందుకు అన్నది పేజీ నిండా రాశాను. ఎవరు చదువుతారో తెలియదు.

ఇంత పొగిడాక కొంచెం వెనక్కి తగ్గాలి. ఆ రోజు వ్యాఖ్యలు నన్ను కాపాడాయంటే అది వ్యవస్థ గొప్పతనం కంటే ఆ ఫైలు కట్టిన మనిషి గొప్పతనమే. వ్యాఖ్యలు రాయకపోతే టూల్‌కిట్ ఏమీ అనదు. ఫలానా ప్రోగ్రాంతో ఫలానా తేదీన తయారైందని రెండు వరుసలు తప్ప ఏమీ లేని కెర్నెళ్లు కూడా నా చేతికి వచ్చాయి. పైగా రాసినదాన్ని మనం చదవాల్సిందే తప్ప ప్రోగ్రాం చదవదు. టెక్స్ట్ కెర్నెల్‌లో చివరి వరుస తర్వాత ఎంటర్ కొట్టకపోతే ఆ వరుసను లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడం కూడా ఈ మౌనం కోవలోదే.

ఇంకా పెద్ద లోటు ఒకటుంది. ఎస్‌పీకేలో కానీ సీకేలో కానీ ఈ విలువలో దోషం ఎంత ఉండవచ్చో చెప్పే గడి లేదు. మంచి కొలత, అరకొర కొలత రెండూ ఒకే తీరున పదిహేను అంకెలతో వస్తాయి. చంద్రయాన్-1 దత్తాంశంతో పనిచేసేవారికి ఇది బాగా తెలుసు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ నౌకలో నక్షత్రాలను చూసి దిశ తెలుసుకునే సెన్సర్లు మధ్యలోనే పాడయ్యాయి. 2009 మే 19న కక్ష్యను 100 కిలోమీటర్ల నుంచి 200కు పెంచారు, ఆగస్టు 29న సంబంధాలే తెగిపోయాయి. అందులో ప్రయాణించిన నాసా వర్ణపటమాపకం ఎం3 తీసిన పట్టీలను చంద్రుడి మీద వాటి చోట్ల కూర్చోబెట్టడానికి ఆ బృందం చాలా తంటాలు పడింది. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా ఎల్‌ఆర్‌ఓ నౌకలోని లోలా లేజరు కొలిచిన ఎత్తుపల్లాలను ఆధారంగా చేసుకుని ప్రతి పిక్సెల్‌కు అక్షాంశం, రేఖాంశం, వ్యాసార్థం లెక్కగట్టి బొమ్మ పక్కనే వేరే ఫైలుగా భద్రపరిచారు.

ఆ పద్ధతిలో సుఖం ఉంది. కెర్నెళ్ల జోలికి పోకుండా పిక్సెల్ చిరునామా నేరుగా దొరుకుతుంది. కాకపోతే రేపు ఎవరైనా ఇంతకంటే మంచి దిశ కనిపెడితే ఆ చిరునామాలన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే. స్పైస్‌లో అయితే ఒక్క ఫైలు మారిస్తే చాలు. నా ఓటు స్పైస్‌కే. కానీ ఎం3 పట్టీలతో గట్టి గడువు పెట్టుకుని పనిచేసిన రోజుల్లో నేను చిరునామాల ఫైలునే వాడుకున్నాను, అది కూడా చెప్పాలి.

మిగతా విషయాలు త్వరగా. టూల్‌కిట్ విడుదల ఎన్0067, 2022 జనవరిలో వచ్చింది. ఏళ్ల కిందట రాసుకున్న నా ప్రోగ్రాంలు దాని మీద మార్పు లేకుండా నడిచాయి, ఈ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. పైథాన్ వాడేవారికి బయటివారు తయారుచేసిన స్పైసీపై ఉంది, నేనూ ఎక్కువగా దాన్నే వాడుతున్నాను. ఒకే ప్రోగ్రాంలో అనేక థ్రెడ్లతో లెక్కలు నడపాలంటే కుదరదు, విడివిడి ప్రాసెస్‌లుగా నడుపుకోవాలి. నా బొమ్మల సంఖ్యకు అది పెద్ద ఇబ్బంది కాలేదు. లక్షల్లో ఉన్నవారి అభిప్రాయం వేరేగా ఉండవచ్చు.

తీసుకోవచ్చా అంటే, అది మీ పనిని బట్టి ఉంటుంది. ఈ రాత్రి శని ఎక్కడ కనబడుతుందో తెలిస్తే చాలనుకునేవారికి జేపీఎల్ వారి హొరైజన్స్ సరిపోతుంది. ఒకటి రెండు కోణాలు కావాలంటే బ్రౌజరులోనే నడిచే వెబ్‌జియోకాల్క్ ఉంది, ఏదీ దించుకోనక్కర్లేదు. నౌకను రోజువారీగా నడిపే బృందాలకు అంచనా ఫైళ్లే అన్నం పెడతాయి, వాళ్ల లెక్క నాకు వర్తించదు, నా లెక్క వాళ్లకు వర్తించదు. నాలాగా పాత దత్తాంశంతో ఒంటరిగా కుస్తీ పట్టేవారికి మాత్రం తీసుకోమనే చెబుతాను, అంచనా ఫైళ్లను ముందు వేరే ఫోల్డరులోకి మార్చుకోవాలన్న షరతు మీద.