కాణిపాకం ప్రమాణం: డబ్బు రాలేదు, అయినా నాలుగు స్టార్లు

ఒక స్టార్ తగ్గించింది దేవుడి మీద కోపంతో కాదు. అది మా పెద్దమనుషుల ఖాతాలోది, ఎందుకో కింద చెప్తా.

చిత్తూరులో నాది చిన్న టైలరింగ్ షాపు. మా వీధిలో ఒకావిడ దగ్గర రెండు లక్షల చీటీ వేశాను. ఇరవై నెలలు, పాట పోగా నెలకు పది వేల లోపు కట్టుకుంటూ వచ్చా. పాడకుండా ఆఖరిదాకా ఉంటే మొత్తం చేతికొస్తుంది, అమ్మాయి కాలేజీ ఫీజుకు పనికొస్తుందని ఆశ. తీరా నా నెల వచ్చేసరికి "నాలుగో నెల్లోనే ఎత్తేసుకున్నావు కదమ్మా, మర్చిపోయినావా?" అంది. ఆమె నోట్‌బుక్‌లో నా పేరు పక్కన టిక్కు కూడా పెట్టుంది. సంతకం మాత్రం లేదు.

స్టేషన్‌కు పోదామంటే అదో టెన్షన్. రిజిస్టర్ చెయ్యని చీటీలు నడపకూడదని 1982 చట్టమే ఉంది. "అలాంటి దాంట్లో ఎందుకు కట్టావు?" అని ముందు నన్నే అడుగుతారు. అప్పుడు వీధి పెద్దలు అన్నారు, "కాణిపాకంలో ప్రమాణం చేయిద్దాం. ఆమె చేస్తే నువ్వు వదిలెయ్యాలి, చెయ్యకపోతే ఆమె కట్టాలి." ఇద్దరం ఒప్పుకున్నాం.

మా జిల్లా బయటివాళ్ళకు ఇది ఎన్నికలప్పుడు టీవీలో వినే సవాలుగానే తెలిసుంటుంది, "దమ్ముంటే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అని నాయకులు ఒకరినొకరు అనుకోవడం. మాకు అది మామూలు పని. అన్నదమ్ముల గట్టు తగాదాలు, బంగారం పోయిన కేసులు, భార్యాభర్తల అనుమానాలు అన్నీ అక్కడికే వస్తాయి. ఇంకా చాలామంది వచ్చేది మందు మానేస్తామని ఒట్టు వెయ్యడానికి. భర్త కోనేట్లో మునుగుతుంటే గట్టు మీద టవలు పట్టుకుని, కళ్ళు తిప్పకుండా చూసే ఆడవాళ్ళను చూస్తే ఎవరు ఎవరికి కాపలానో అర్థం కాదు.

నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే లాయరమ్మ ఒకరు ఇంకో సంగతి చెప్పారు. 1873 నాటి ప్రమాణాల చట్టంలో ఇలాంటిదానికి కోర్టులోనే దారి ఉండేదట. ఎదుటివాళ్ళు ఫలానా విధంగా ఒట్టేస్తే కట్టుబడతానని నువ్వు ఒప్పుకుని, వాళ్ళు అలాగే ఒట్టేస్తే ఆ విషయంలో ఇక తిరుగు లేదు. 1969లో వచ్చిన కొత్త చట్టంలో అది తీసేశారు. కోర్టు వదిలేసినా మా జిల్లా వదల్లేదు.

పద్ధతి సింపుల్‌గానే ఉంటుంది. దేవస్థానం వాళ్ళ దగ్గర అడిగి ప్రమాణం టికెట్ తీసుకోవాలి (రేటు అక్కడే కనుక్కోండి, మారుతుంటుంది). ప్రమాణం చేసేవాళ్ళు కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి చెప్పాలి. బావిలో వెలసిన స్వామి ఆయన, చుట్టూ ఇప్పటికీ నీళ్ళే. పెరుగుతూనే ఉంటాడనీ, వెనకటి వెండి కవచం ఇప్పుడు పట్టదనీ చెప్తారు. అసలు పని సగం కోనేటి దగ్గరే అయిపోతుంది. మాకంటే ముందున్న జట్టులో ఒకాయన మోకాళ్ళ లోతు దిగి, ఒక నిమిషం నిలబడి, బయటికొచ్చి "ఇంటికి పోయి మాట్లాడుకుందాం రండి" అన్నాడు. అంతే, ఎవరూ ఏమీ అడగలేదు.

మా చీటీ నడిపే ఆవిడ అలా కాదు. చక్కగా మునిగింది. పెద్దలు నేర్పించిన మాట "ఈమె చీటీ డబ్బు ఈమెకు ఇచ్చేశాను." ఆమె స్వామి ముందు అన్నది, "ఈమె డబ్బు రూపాయి కూడా నా ఇంట్లో పెట్టుకోలేదు." ఎందుకు పెట్టుకుంటుంది, అప్పటికే తమ్ముడి లారీ ఫైనాన్స్‌కు పోయింది కదా! నేను గట్టిగా అరవబోయా. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి "అయిపోయింది, ఇక మాట్లాడకూడదు" అన్నాడు. నేను తగ్గించిన స్టార్ ఇదే. మీరు వెళ్తే ఏ మాట అనాలో ముందే కాగితం మీద రాయించి, అక్షరం మారకుండా చదివించండి.

డబ్బు రాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది, చాన్నాళ్ళ తర్వాత. మిషన్ తొక్కుతూ "ఆ రోజు ఇలా అని ఉంటే, సాక్షిని పెట్టుకుని ఉంటే" అని లెక్కలు వేసుకోవడం పోయింది. ఆ కేసు ఇప్పుడు నా దగ్గర లేదు, స్వామి దగ్గరుంది. నాలుగు స్టార్లూ దానికే.

ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది, అది వీధి జనంతో. ఆమె ఇంట్లో ఏం జరిగినా నాకు రిపోర్టు తెస్తారు. "గేదె చచ్చిపోయింది, చూశావా స్వామి మహిమ?" మొదటిసారి విన్నప్పుడు లోపల చల్లగానే అనిపించింది, అబద్ధమెందుకు. తర్వాత ఆమె కొడుకు బైక్ మీంచి పడి కాలు విరిగితే, ఒకామె స్వీటు పంచినంత సంబరంగా వచ్చి చెప్పింది. ఆ పిల్లాడి స్కూల్ యూనిఫాం నేను కుట్టాను. చీటీ బాకీ పిల్లాడి కాలు మీద వసూలు చేస్తాడా దేవుడు? కాణిపాకం ఏటి కథ వీళ్ళకు తెలీదా? ఆకలేసి మామిడిపండు కోసుకున్న లిఖితుడికి రాజు చేతులు నరికిస్తే, ఆ బాహుదా నదిలో మునగ్గానే మళ్ళీ వచ్చాయి అంటారే. వసూలు స్వామికి అప్పజెప్పాక మధ్యలో మన రసీదు పుస్తకం ఎందుకు? ఇప్పుడు ఎవరైనా ఆ వార్తలు తెస్తే "కొలత ఇస్తారా, లేదంటే నాకు పనుంది" అంటాను.

కాబట్టి డబ్బు కోసమే అయితే లాయర్ దగ్గరికి పోండి. ఎదుటివాళ్ళకు కాస్తయినా భయముంటే, లేదా మీకు ఆ గొడవ మోసి మోసి విసుగొచ్చి ఉంటే ఇక్కడికి రండి. చిత్తూరు బస్టాండ్ నుంచి బస్సులున్నాయి, దూరం పన్నెండు కిలోమీటర్ల లోపే. వినాయక చవితితో మొదలై ఇరవై ఒక్క రోజులు ఉత్సవాలు, అప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి, కాలు పెట్టే చోటుండదు.

పొడిబట్టలు మర్చిపోవద్దు. మా చీటీ ఆవిడ మర్చిపోయింది. వణుకుతుంటే చూడలేక, నేను తెచ్చుకున్న కాటన్ చీర ఇచ్చాను. అది కూడా ఇంకా తిరిగి రాలేదు.