టోపీ హెల్మెట్టా, ఐఎస్ఐ ఫుల్‌ఫేస్ హెల్మెట్టా?

రోడ్డు పక్కన అమ్మే టోపీ హెల్మెట్ చవక, తేలిక, ఉక్కపోత కూడా తక్కువ. కానీ చాలావాటిలో లోపల పల్చటి స్పాంజే ఉంటుంది. కింద పడ్డప్పుడు తాను నలిగి, దెబ్బ తీవ్రతను తగ్గించేది థర్మోకోల్ లాంటి మందపాటి ఈపీఎస్ పొర. హెల్మెట్లకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4151 ప్రకారం చేసిన, ముఖమంతా కప్పే ఫుల్‌ఫేస్‌లో అది ఉంటుంది, దవడకూ రక్షణ దొరుకుతుంది. ఎండాకాలం చెమట పడుతుంది, నిజమే. గాలి రంధ్రాలున్నది చూసుకోండి.

హెల్మెట్ పెట్టుకుంటే తలగాయాల ముప్పు దాదాపు 69 శాతం తగ్గుతుందని అధ్యయనాల సమీక్షలో తేలింది. ఈపీఎస్ పొర, దవడకు రక్షణ ఉన్నాయి కాబట్టి ధర ఎక్కువైనా నేను ఫుల్‌ఫేసే కొనమంటాను. మన దేశంలో 2021 జూన్ నుంచి బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ) ధ్రువీకరణ లేని హెల్మెట్లు అమ్మకూడదు, అయినా దొరుకుతూనే ఉన్నాయి! వెనక కూర్చునేవాళ్లకూ ఇలాంటిదే తీసుకోండి. ఏదైనా సరే, గడ్డం కింద పట్టీ బిగించాలి.