శాన్ హువాన్ పర్వతాల మట్టిదారుల్లో ఒంటరిగా ఐదు రాత్రులు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు నైరుతి మూలన, శాన్ హువాన్ పర్వతాల్లో, లేక్ సిటీ, సిల్వర్టన్, యూరే అనే మూడు పాత గని ఊళ్ళను కలుపుతూ సుమారు 65 మైళ్ళ ఆల్పైన్ లూప్ దారి ఉంది. వెండి, బంగారు గనుల కాలంలో ఖనిజాన్ని కంచర గాడిదల మీద, బండ్ల మీద కిందికి దించిన మట్టిదారులే ఇందులో అధికభాగం. జూలై చివరి వారంలో అద్దె జీపులో, గుడారం వెంటబెట్టుకుని, ఈ దారిలో ఒంటరిగా ఐదు రాత్రులు గడిపాను. తోడు ఉన్నప్పుడు దృశ్యం చూసి బసను ఎంచుకున్నా చెల్లుతుంది. ఒక్కరమే ఉన్నప్పుడు మాత్రం, రాత్రి వాన కురిసినా, తెల్లవారేసరికి ఒంట్లో నలతగా ఉన్నా, మరొకరి సాయం లేకుండా అక్కడి నుంచి దిగి రాగలమా అన్నదే మొదట తేల్చుకోవాలి. ప్రతి చోటునూ నేను ఆ లెక్కనే తూచాను.

మామూలు కారు అద్దె ఒప్పందాలు తారురోడ్డు దాటి వెళ్ళడాన్ని సాధారణంగా ఒప్పుకోవు కాబట్టి, ఈ దారుల కోసమే జీపులు అద్దెకిచ్చే స్థానిక సంస్థ నుంచి బండి తీసుకున్నాను. బండి మంచిదే, నిటారు ఎక్కుళ్ళలో, దిగుళ్ళలో నెమ్మదిగా, బలంగా నడిపించే లో రేంజ్ గేరు చక్కగా పనిచేసింది. అయితే బయలుదేరే ముందు గేజీ పెట్టి చూస్తే స్టెపినీలో 12 పీఎస్ఐ గాలి మాత్రమే ఉంది. నేను అడిగాకే నింపారు. కొండ మీద టైరు కోసుకుపోయాక ఆ సంగతి తెలిసి ఉంటే నా యాత్ర అక్కడే ఆగేది, అందుకే ఈ లోపాన్ని నేను చిన్నదిగా చూడలేను. బండి తీసుకునేవారు జాకీ, స్టెపినీ, గాలి పంపు మూడింటినీ అక్కడికక్కడే చూపించమని అడగాలి. కొలరాడో బంకుల్లో 'రెగ్యులర్' అని రాసి ఉన్న పెట్రోలు తరచుగా 85 ఆక్టేన్‌దే ఉంటుంది. బండి పుస్తకంలో 87 అని ఉంటే దాని పై రకమే పోయించుకోవడం మేలు.

మొదటి రాత్రి లేక్ సిటీకి దగ్గరలోని శాన్ క్రిస్టోబల్ సరస్సు ఒడ్డున బస చేశాను. సుమారు 700 ఏళ్ళ క్రితం స్లమ్‌గలియన్ అనే చోట కొండచరియ బురదలా జారి నదికి అడ్డుపడడంతో ఏర్పడిన సరస్సు ఇది. ఆ తరువాత అదే చోట మొదలైన మరో జారుడు ఇప్పటికీ కదులుతూనే ఉందనీ, కొన్ని చోట్ల ఏడాదికి 20 అడుగుల దాకా సాగుతుందనీ తెలిశాక, అక్కడ వంగిపోయి పెరిగిన చెట్లను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం సరస్సు మీది గాలి గుడారాన్ని కుదిపేసింది. అయినా సుమారు 9,000 అడుగుల ఎత్తున ఒక రాత్రి నిద్రపోతే ఒళ్ళు ఎత్తుకు అలవాటుపడుతుంది, అవసరమైతే పావుగంటలో ఊరు చేరవచ్చు. మొదటి బసగా దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు.

మరునాడు సినమన్ కనుమ వైపు సాగాను. ఒక పక్క కొండగోడ, మరో పక్క లోయ, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. ఎదురుబండి వస్తే ఎక్కేవారికి దారివ్వడం ఇక్కడి మర్యాద, కాబట్టి దిగేటప్పుడు వెనుక ఎక్కడ వెడల్పు ఉందో గుర్తుపెట్టుకుంటూ రావాలి. అమెరికన్ బేసిన్‌లో కొలంబైన్ పూలు నీలం, తెలుపు కలగలిసి పచ్చిక నిండా విచ్చుకుని ఉన్నాయి. ఆ పైన, చెట్ల వరుస ఆగిపోయిన చోట, గుడారానికి చదునైన జాగా ఒకటి కనిపించింది. నేను చూసిన చోట్లలో అందమైనది అదే. కానీ జూలైలో ఈ కొండల మీద మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు దాదాపు రోజూ వచ్చేవే. చుట్టుపక్కల మనకంటే ఎత్తయినది ఏదీ లేని చోట రాత్రి గడపడం తగదని వెనక్కి తిరిగి, స్ప్రూస్ చెట్ల మధ్య ఉన్న మిల్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌కు దిగాను. ప్రభుత్వ భూములను చూసుకునే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ నడిపే ఈ చోటు నిరాడంబరమైనది, శుభ్రమైనది. మధ్యాహ్నం రెండు గంటలకు వడగళ్ళు మొదలయ్యాయి. సుమారు 9,500 అడుగుల ఎత్తున నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కనుక ఆ రాత్రి అన్నం ఎంతసేపటికీ పలుకు విడవలేదు. చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్ళినా వృథా కాదు.

మూడో రోజు ఉదయం ఏడింటికే 12,640 అడుగుల సినమన్ కనుమ దాటి యానిమస్ ఫోర్క్స్‌కు దిగాను. సుమారు 11,200 అడుగుల ఎత్తున 1870లలో వెలసి, 1920ల నాటికి ఖాళీ అయిన గని ఊరు ఇది. నిలిచి ఉన్న చెక్క ఇళ్ళలోకి వెళ్ళి, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ దగ్గర నిలబడి, చలికాలాలు ఇక్కడ గడిపినవారిని తలచుకుంటే మనసు బరువెక్కింది. నీటి విషయంలో ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2015 ఆగస్టులో గోల్డ్ కింగ్ గని నుంచి సుమారు 30 లక్షల గ్యాలన్ల కలుషిత జలం బయటపడి, సిమెంట్ క్రీక్ మీదుగా యానిమస్ నదిని నారింజ రంగులోకి మార్చింది. పాత గనుల నుంచి ఊరే నీరు ఇప్పటికీ ఈ వాగుల్లో కలుస్తూనే ఉంది. మనం మోసుకెళ్ళే ఫిల్టర్ క్రిములను ఆపుతుంది గానీ నీటిలో కరిగిన లోహాలను ఆపదు, మరిగించినా అవి పోవు. నేను రోజుకు ఆరు లీటర్ల చొప్పున ఊళ్ళలోనే పట్టుకున్నాను.

సిల్వర్టన్‌లో పెట్రోలు, సరుకులు, భోజనం అన్నీ దొరుకుతాయి. 1882లో వచ్చిన నేరో గేజ్ రైలు ఇప్పటికీ ఊళ్ళోకి వస్తుంది, అది వచ్చిన గంటసేపు మాత్రం వీధుల్లో రద్దీ. ఆ రాత్రి సౌత్ మినరల్ లోయలో, ఫారెస్ట్ సర్వీస్ గుర్తించిన ఉచిత స్థలాల్లో ఒకదానిలో గుడారం వేశాను. వారాంతం కావడంతో మూడు చోట్లు చూశాక గానీ ఖాళీ దొరకలేదు. ఉచితం అన్నమాటేగానీ మరుగుదొడ్డి, చెత్తకుండీ ఉండవు, అన్నీ మనమే తెచ్చుకుని, మనమే తీసుకుపోవాలి. పక్క గుడారంలోని వృద్ధ దంపతులు నేను ఒంటరినని తెలుసుకుని, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి పలకరించి వెళ్ళారు. ఇప్పుడు ఆ లోయ పేరు చెబితే నాకు ముందుగా గుర్తొచ్చేది వారి టార్చిలైటు వెలుగే.

ఫోను సిగ్నలు ఊళ్ళు దాటితే లేదు. ఉపగ్రహ సందేశ పరికరంతో ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి అన్నయ్యకు నేనున్న చోటు పంపేదాన్ని. ఎనిమిది దాటినా సందేశం రాకపోతే ఆ కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరిఫ్ కార్యాలయానికి ఫోన్ చేయాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే కొలరాడోలో గాలింపు, రక్షణ బాధ్యత వారిదే.

నాలుగో రోజు వాన వదలలేదు. అందుకే 11,018 అడుగుల రెడ్ మౌంటెన్ కనుమ మీదుగా తారురోడ్డునే యూరే చేరాను. 'మిలియన్ డాలర్ హైవే'గా పేరుపొందిన ఈ రోడ్డుకు చాలా చోట్ల రక్షణ గోడ లేదు, తడిసినప్పుడు మట్టిదారి కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. యూరే వేడినీటి కొలనులో గంటసేపు కూర్చున్నాక నాలుగు రోజుల కుదుపులన్నీ ఒంట్లోంచి దిగిపోయాయి. ఊరి పైనున్న యాంఫీథియేటర్ క్యాంప్‌గ్రౌండ్‌లో బస సుఖంగానే సాగింది. నల్ల ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కనుక తిండి సామానుతోపాటు సబ్బు, టూత్‌పేస్టు కూడా గుడారంలో ఉంచలేదు.

యూరే నుంచి ఇంజినీర్ కనుమకు నేరుగా ఎక్కే దారి బండరాళ్ళతో, మెట్లుమెట్లుగా ఉంటుంది. అనుభవమున్న మరో బండి వెంట లేనప్పుడు దాన్ని పట్టకూడదని నిశ్చయించుకుని, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి, సిల్వర్టన్, యానిమస్ ఫోర్క్స్ మీదుగా చుట్టు తిరిగి 12,800 అడుగుల ఆ కనుమ చేరాను. దూరం పెరిగింది, పెట్రోలూ ఎక్కువే అయింది. తొమ్మిదింటికి పైన ఆకాశం నిర్మలంగా ఉంది. హెన్సన్ క్రీక్ వెంట లేక్ సిటీకి దిగేసరికి వెనుక కనుమ మీద మబ్బులు కమ్ముకుంటున్నాయి.

ఆఖరి రాత్రి ఊళ్ళో ఒక చెక్క క్యాబిన్‌లో పడుకున్నాను. గోడలు పలుచన, పక్కవారి మాటలు వినిపించాయి. వేడినీళ్ళు, పొడి పరుపు ఉన్నాయి కనుక ఇచ్చిన డబ్బుకు న్యాయమే జరిగింది. మర్నాడు జీపు అప్పగిస్తూ స్టెపినీ సంగతి మళ్ళీ గుర్తుచేశాను. అక్కడి ఉద్యోగి నా ఎదుటే ఆవరణలోని మిగతా జీపులన్నిటి స్టెపినీలకూ గేజీ పెట్టి చూశారు. మరో రెండింటిలో గాలి తక్కువగా ఉంది.